వేళ్ల యాస

పంచనామా రాయడం పాతికేళ్ల అలవాటు నాకు.
నా కాగితాల మీద శవాలన్నీ ఒకే భాష మాట్లాడతాయి:
"తల తూర్పునకు, కాళ్లు పడమరకు,
కుడిచేతిపై తువ్వాలు ఒకటి, ఎర్ర గళ్లది."
చుక్క పెట్టి, సాక్షుల సంతకాలు తీసుకుని,
టీ చెప్పేవాణ్ని.

మాఘంలో కమీషన్ కొట్టు పూర్ణానందం పోయాడు,
తేజా టిక్కీల మధ్య, బోర్లా.
శివరాత్రి వెళ్లిన వారానికి కాటా గుమస్తా.
అప్పుడే దిగిందావిడ గుంటూరులో,
శ్రీకాకుళం అవతలి నుంచి, డాక్టరు పైడిరత్నం.
సూదిమందు డాక్టరు కాదు, మాటల డాక్టరు.
తువ్వాలు కింద చేతులు పట్టుకుని
రేటు తేల్చుకునే వాళ్ల దగ్గర
నోరు లేని భాష నేర్చుకుని పుస్తకం రాస్తుందట.
మిరప కోరుకి దగ్గీ దగ్గీ కళ్లు పండిపోయాయి,
అయినా రోజూ యార్డుకొచ్చేది,
చెప్పుల డబ్బాలో అట్టముక్కలు పెట్టుకుని.
ఎస్సై నవ్వాడు.
ఆయన నవ్వాడు కాబట్టి నేనూ నవ్వాను.

స్టేషన్ గుమ్మంలో నిలబడి అడిగింది:
"చచ్చిపోయినాయనకి ఏళ్లెన్నండి?"
యాభై రెండు, అన్నాను.
"వయసు కాదండి బాబూ, ఏళ్లు! చేతి ఏళ్లు!
తువ్వాలు కింద ఎన్ని ముడిసి ఉన్నాయి?"

తువ్వాలు రంగు రాశాను, గళ్లు రాశాను,
ఎత్తి చూశాను కూడా.
చూసిన చేతిని రాయలేదు.
అప్పటికే ఆ ఇద్దరి వేళ్లూ కాలిపోయాయి.

మూడోవాడు లాల్‌పురం రోడ్డు కోల్డ్ స్టోరేజీలో,
బస్తాలతో పాటు చల్లబడి.
ఈసారి వంగి చూశాను.
చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్యవేలు
మడిచి ఉన్నాయి,
పక్కన కూర్చుని ఎవరో ఓపిగ్గా మడిచినట్టు.

ఆవిడ తన చెయ్యి తను చూసుకుంది చాలాసేపు.
"మూడు. కానీ చిటికెన నుంచి మొదలెట్టినాడు.
యార్డులో అందరూ చూపుడేలు నుంచే కదండీ ఎంచుతారు.
మీరా గారూ, ఏళ్లకి కూడా యాసుంటాది."

బల్ల మీద అట్టలు పరిచింది. నూట పద్నాలుగు చేతులు.
ఒక్కో చేతికీ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చిందీ.
ఒక అట్ట పైకి తీసింది గానీ నాకివ్వలేదు.
ఫ్యాను గాలికి మిగతావి ఎగిరితే ఏరడానికి వంగాను.
లేచేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది,
కోరుకో, దేనికో.

టీ బంకు శింగయ్య.
ఒకప్పుడు ప్రత్తిపాడు పక్కన మూడెకరాల కౌలుదారు.
వేలల్లో పలకాల్సిన కాయని తాలు కింద కట్టి
మూడొందలకి తువ్వాలు కింద ముగించారట ఆ ముగ్గురూ.
పొలం పోయాక కారం మిల్లుకెళ్లాడు.
మర అతని చూపుడువేలు అడిగింది.
అందుకే చిటికెన నుంచి లెక్క.
పుట్టుకతో వచ్చిన యాస కాదది, మిల్లు నేర్పింది.

ఆవిడకి ఒకటి నుంచి తొమ్మిది దాకా నేర్పింది అతనే,
పంచదార తక్కువ టీ ఇచ్చి,
ఒక్కరోజూ డబ్బులు తీసుకోకుండా.
ఈ సంగతి ఎస్సైకి చెప్పలేదు నేను.

బేడీలు వేసేముందు తువ్వాలు అడిగాడు శింగయ్య.
ఎస్సై వద్దన్నాడు. నా భుజం మీదిది ఇచ్చాను.
చేతి మీద కప్పుకుని ఆవిడ వైపు చాపాడు.
"అంకెలన్నీ చెప్పాను మేడమ్, సున్నా ఒక్కటే బాకీ."

వెనక్కి తగ్గుతుందనుకున్నాను.
చెయ్యి లోపలికి పెట్టింది.
గుడ్డ కింద ఏం జరిగిందో
ఆ గదిలో నలుగురు పోలీసులకీ కనపడలేదు.

ఆ రాత్రి రైలు రెండు గంటలు లేటు.
మూడో ప్లాట్‌ఫారం బల్ల మీద, డబ్బా ఒళ్లో పెట్టుకుని చెప్పింది:
"గట్టిగా పట్టుకున్నాడండి.
వదిలీసినాడు.
అంతే. అదే సున్నా."

పుస్తకం వచ్చిందో లేదో తెలీదు.
నా కాగితం మీద మాత్రం
"ముద్దాయి ఏమియు పలుకలేదు" అని ఉంది.
సంతకం నాదే.